ఆడుకోవడానికి కూడా డబ్బులు కట్టాలా?

కొత్తగూడ జంక్షన్ నుంచి బొటానికల్ గార్డెన్ వైపు వెళ్తూ ఒకసారి బోర్డులు చదవండి. ఐఐటీ ఫౌండేషన్, అబాకస్, కూచిపూడి, కరాటే బోర్డులు ఎప్పటినుంచో ఉన్నాయి. వాటి పక్కనే ఇప్పుడు చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్, స్పీచ్ థెరపీ, ప్లే థెరపీ, ఫ్యామిలీ కౌన్సెలింగ్ అని కొత్త బోర్డులు వచ్చాయి. మాదాపూర్ నుంచి నల్లగండ్ల దాకా ఇదే వరస. మా అత్తగారు కారులోంచి ఆ బోర్డులు చూసి, "ఆడుకోవడానికి కూడా డబ్బులు కట్టాలా అమ్మాయ్?" అన్నారు. ఆవిడ వెటకారంగా అనలేదు, నిజంగానే అర్థంకాక అడిగారు. చాలామంది మనసులో ఉన్న ప్రశ్నే కాబట్టి నాకు తెలిసినంతలో జవాబు రాయాలనిపించింది.

ఆ బోర్డులున్న సెంటర్లన్నీ మంచివని నేననను, అన్నీ మోసమనీ అనను. నా అభిప్రాయం ఒక్కటే. పిల్లవాడికి థెరపీ ఇప్పించడమంటే పాడైన మిక్సీని రిపేరుకి ఇచ్చి శనివారం వచ్చి తీసుకెళ్లడం కాదు. ఇంట్లోవాళ్లు కూడా వెళ్లి కూర్చోవాలి, ముఖ్యంగా నాన్నలు. మన ఐటీ కారిడార్‌లో జరగనిది అదే.

ముందు ఆట సంగతి చెప్తాను. చిన్నపిల్లకి ఆస్పత్రిలో ఇంజెక్షన్ చేయిస్తే, ఇంటికొచ్చి వారం రోజులు ఇంట్లో ఉన్న బొమ్మలన్నిటికీ ఇంజెక్షన్లు చేస్తుంది. మీరు చూసే ఉంటారు. "నొప్పి లేదమ్మా, అయిపోయింది, అయిపోయింది" అని మనం అన్న మాటలే బొమ్మకి చెప్తుంది. ఆస్పత్రిలో తనని పట్టుకుని పడుకోబెట్టారు. ఇక్కడ సూది తన చేతిలో ఉంది. భయపెట్టిన సంగతిని ఈసారి తన ఇష్టప్రకారం, తనకి చాలనిపించేదాకా మళ్లీ మళ్లీ జరిపించుకుంటుంది. ఎవరూ నేర్పకుండానే పిల్లలు చేసే ఈ పనిని, ఒక గదీ ఒక సమయమూ ఏర్పాటు చేసి, శిక్షణ ఉన్న మనిషి పక్కన కూర్చుని జరగనివ్వడమే ప్లే థెరపీ. పెద్దవాళ్లు కౌన్సెలర్ దగ్గర మాటలతో చేసేది పిల్లలు బొమ్మలతో చేస్తారు. "ఎందుకు కొరికావురా?" అని ఐదేళ్ల వాణ్ణి అడిగితే "తెలీదు" అంటాడు. మనం అబద్ధమనుకుంటాం. వాడికి నిజంగానే తెలీదు. కోపానికి, బెంగకి మాటలు ఇంకా రాలేదు వాడికి.

ఈ పద్ధతికి ఒక రూపం తెచ్చినవాళ్లలో వర్జీనియా ఆక్స్‌లైన్ అనే అమెరికన్ సైకాలజిస్టు ముఖ్యురాలు. 1947లో 'ప్లే థెరపీ' అని పుస్తకం రాసింది. గదిలో ఏం ఆడాలో పిల్లవాడే నిర్ణయిస్తాడు, పెద్దవాళ్లు తొందరపెట్టరు, మెచ్చుకోరు, మందలించరు. తనని తాను గానీ ఇతరుల్ని గానీ గాయపరచకూడదు లాంటి రెండు మూడు హద్దులు మాత్రం ఖచ్చితంగా ఉంటాయి. 1964లో ఆవిడే 'డిబ్స్' అనే ఐదేళ్ల అబ్బాయి కథ రాసింది. స్కూల్లో బల్లకింద దూరి ఎవరితోనూ కలవని పిల్లవాడు. తండ్రి పేరున్న శాస్త్రవేత్త, తల్లి పిల్లాడు పుట్టాక వృత్తి వదిలేసిన సర్జన్. ఇద్దరూ వాడికి బుద్ధిమాంద్యం ఉందేమోనని భయపడ్డారు. తీరా చూస్తే వాడు తన ఈడు పిల్లలకంటే ఎంతో తెలివైనవాడు. ఆ పుస్తకం చదువుతుంటే ఇది అమెరికాలో అరవై ఏళ్ల నాటి ఇల్లా, మన గచ్చిబౌలిలో పదిహేనో అంతస్తులో ఫ్లాటా అనిపించింది నాకు. చదువు, డబ్బు, పేరు అన్నీ ఉన్న ఇల్లే. అయినా పిల్లవాడి పక్కన ఎవరూ నేలమీద కూర్చోలేదు.

ఇక మా ఇంటి సంగతి. మా చెల్లి రాయమంది కాబట్టే రాస్తున్నా. వాడి పేరు మాత్రం రాయను, రేపు పెద్దయ్యాక వాడే చదువుకోవచ్చు.

చెల్లీ, మా మరిదిగారూ ఇద్దరూ ఐటీలోనే. మెటర్నిటీ లీవు ఆరు నెలలు, అదీ ఇదీ కలుపుకుంటే ఎనిమిది నెలలు వచ్చింది. ఆ తర్వాత పిల్లాణ్ణి నరసరావుపేటలో మా అమ్మ దగ్గర ఉంచారు. 2017లో చట్టం మార్చి ఇరవై ఆరు వారాల సెలవుతో పాటు, యాభై మందికి పైన ఉన్న చోట క్రెష్ ఉండాలని కూడా రాశారు. కానీ రాత్రి పూట పని చేసే తల్లికి పగటి క్రెష్ ఏం పనికొస్తుంది? అమెరికా పడమటి తీరంలో పొద్దున తొమ్మిదైతే మనకి వేసవిలో రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర. సరిగ్గా పిల్లల్ని పడుకోబెట్టే వేళకే వాళ్ల ఆఫీసు తెరుచుకుంటుంది. దీనికి మా చెల్లిని తప్పుపట్టేవాళ్లు నా దగ్గర ఆ మాట ఎత్తొద్దు. మరిదిగారు కూడా అదే ఉద్యోగం చేస్తున్నారు, ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు.

శుక్రవారం రాత్రి మియాపూర్‌లో బస్సెక్కి వెళ్లడం, ఆదివారం రాత్రి బస్సుకి తిరిగి రావడం, సోమవారం పొద్దున్నే లాగిన్ అవడం. మూడేళ్లు ఇలాగే నడిచింది. వాడికి నాలుగేళ్లు నిండబోతుండగా స్కూల్ కోసం కొండాపూర్ తీసుకొచ్చారు. అప్పుడు మొదలైంది. రాత్రి పన్నెండైనా నిద్రపోడు. పడుకున్నా అమ్మ చున్నీ చేతికి చుట్టుకుంటాడు, మధ్యలో లేచి ఉందా లేదా అని చూసుకుంటాడు. స్కూల్లో పిల్లల్ని కొరుకుతాడు. "అమ్మమ్మ గారాబం" అని ఒకరు, "ఫోన్ ఎక్కువైంది" అని ఒకరు, "ఏడీహెచ్‌డీ ఏమో చూపించండి" అని స్కూల్ టీచరు. పిల్లల డాక్టర్ ముందు చెవులు, కళ్లు, ఎదుగుదల అన్నీ చూసి, ఏమీ లేదని నిర్ధారించుకున్నాకే ప్లే థెరపీ చేసే క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపారు. ఆ వరుసే సరైనది. వినికిడి లోపం ఉన్న పిల్లవాణ్ణి మొండివాడనుకుని ఆటల గదిలో కూర్చోబెడితే లాభం లేదు కదా.

తీసుకెళ్లే పని ఎవరికి పడిందో చెప్పక్కర్లేదు. "అక్కా, నువ్వు ఇంట్లోనే ఉంటావుగా!" ఇంట్లో ఉండేవాళ్లకి పనుండదని లోకం ఎప్పుడో తీర్మానించేసింది లెండి. శనివారం పొద్దున ఆ వెయిటింగ్ హాల్లో కూర్చుంటే చుట్టూ అమ్మమ్మలు, నాన్నమ్మలు, ఆయాలు, ఒకరిద్దరు డ్రైవర్లు. అమ్మలు కొందరే. నాన్న కనిపిస్తే అందరం తలతిప్పి చూసేవాళ్లం.

మూడో వారం ఆ డాక్టరమ్మ నాతో, "మీరు చాలా ప్రేమగా తీసుకొస్తున్నారు. కానీ వచ్చేవారం నుంచి అమ్మా నాన్నా రావాలి, లేకపోతే నేను ముందుకి వెళ్లలేను" అని చెప్పేసింది. ఆవిడ మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే. పెద్దమ్మ తెచ్చినా ఫీజు ఫీజే కదా, ఆవిడ అలా అనక్కర్లేదు.

కొన్నాళ్లకి చెల్లిని కూడా ఆటగదిలో ఒక మూల కూర్చోబెట్టింది. అక్కడ చూసింది చెల్లి నాకు చెప్పింది. ఇసుక నింపిన ట్రే, చెక్క ఇల్లు, డాక్టర్ సెట్, వంటగిన్నెలు, మట్టి, బండ్లు, రకరకాల మనుషుల బొమ్మలు. బ్యాటరీతో నడిచేది ఒక్కటీ లేదు. వీడు ప్రతివారం ఒకటే ఆట. చిన్న బొమ్మని పడుకోబెట్టి చేతిరుమాలు కప్పుతాడు. పెద్ద బొమ్మలు రెండిటినీ బస్సెక్కిస్తాడు. బస్సు ట్రే చుట్టూ తిరిగి వెళ్లిపోతుంది. చిన్న బొమ్మ లేవదు. ఆవిడ "పెద్దవాళ్లు బస్సెక్కారు. చిన్నబాబు నిద్రపోతున్నాడు" అని జరిగింది జరిగినట్టు చెప్పేదట, అంతే. ఎందుకని అడగదు, లేపమని చెప్పదు. చెల్లి రెండు వారాలు ఏమీ అర్థంకాక కూర్చుంది.

అర్థమైంది ఫ్యామిలీ సెషన్‌లో, మా అమ్మ నోటి నుంచి. అమ్మని కూడా నరసరావుపేట నుంచి పిలిపించమంది ఆవిడ. మాటల్లో అమ్మ మామూలుగా అనేసింది: "ఏడుస్తాడని వాడు నిద్రపోయాకే బయల్దేరేవాళ్లు వీళ్లు. తెల్లారి లేచి ఇల్లంతా వెతికేవాడు." మూడేళ్లు, ప్రతి ఆదివారమూ. నిద్రపోతే అమ్మ వెళ్లిపోతుందని నేర్చుకున్న పిల్లవాడు నిద్రపోతాడా చెప్పండి!

ఎవరూ చెడ్డ ఉద్దేశంతో చేయలేదు. పిల్లాడు ఏడవకుండా ఉండాలని చేశారు. మన ఇళ్లల్లో అందరూ చేసేదే. ఇప్పుడు ఇది చదివేవాళ్లలో ఎవరైనా ఊళ్లో పిల్లల్ని వదిలి ఉంటే ఒక్కమాట. వెళ్లేటప్పుడు చెప్పి వెళ్లండి. ఏడుస్తారు, ఏడవనివ్వండి. ఎప్పుడొస్తారో చెప్పి, ఆ రోజుకి రండి.

ఆ సెషన్‌లో ఇంకోటి కూడా బయటికొచ్చింది, అది ఎవరూ ఊహించలేదు. "మరి వాణ్ణి తీసుకెళ్లిన రోజు మీకెలా అనిపించిందమ్మా?" అని ఆ డాక్టరమ్మ మా అమ్మని అడిగిందట. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నన్నెవరూ అడగలేదు" అంది. మూడేళ్లు కంటికి రెప్పలా పెంచిన బిడ్డని స్కూల్ అడ్మిషన్ డేట్ చూసుకుని ఒక ఆదివారం తీసుకొచ్చేశారు. అప్పటినుంచి రోజూ వీడియో కాల్‌లో "వీడు చిక్కిపోయాడు, మీకు పెట్టడం రాదు" అని అమ్మ సాధించడం, చెల్లి విసుక్కుని ఫోన్ పెట్టేయడం, మధ్యలో వాడు ఫోన్ ముందు బిక్కమొహం వేసుకుని నిలబడడం. సాధింపు అనుకున్నది బెంగ అని, మేం ఇద్దరు కూతుళ్లం ఉండి కూడా ఒక పరాయి మనిషి అడిగేదాకా మా అమ్మ చెప్పుకోలేదు.

ఫ్యామిలీ థెరపీ అంటే ఇదీ. పిల్లవాడి జబ్బు ఏమిటని కాకుండా, ఈ ఇంట్లో ఎవరికీ ఎవరికీ మధ్య ఏం నడుస్తోందని చూడడం. అమెరికాలో మరే బోవెన్ అనే సైకియాట్రిస్టు 1954 నుంచి కొన్నేళ్లు రోగితో పాటు కుటుంబాన్ని కూడా ఆస్పత్రిలోనే ఉంచి గమనించాడు. ఇద్దరి మధ్య ఉద్రిక్తత పెరిగినప్పుడు మూడో మనిషిని లోపలికి లాగుతారని, ఆ మూడో మనిషి చాలాసార్లు పిల్లలే అవుతారని ఆయన చెప్పాడు. మనకి ఇది అర్థం కావడానికి పుస్తకాలు అక్కర్లేదు. "మీ నాన్నని అన్నానికి రమ్మను", "మీ అమ్మని నా చార్జర్ ఎక్కడ పెట్టిందో అడుగు". పక్కపక్క గదుల్లో ఉన్న ఇద్దరి మధ్య ఏడేళ్ల పిల్ల కొరియర్ పని చేసే ఇళ్లు ఎన్ని లేవు! ఆ పిల్లకి కడుపునొప్పి వస్తే స్కానింగ్ తీయిస్తాం.

ఇది విదేశీ సరుకు అనేవాళ్లకి ఇంకో సంగతి చెప్పాలి. అదే 1950ల్లో మన అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువుల్ని పిలిపించి, ఆవరణలో గుడారాలు వేయించి, వాళ్లని కూడా వైద్యంలో భాగం చేశారు. వెల్లూరు సీఎంసీలో మానసిక రోగితో పాటు ఇంట్లోవాళ్లు ఉండే పద్ధతి దశాబ్దాలుగా ఉంది. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో కుటుంబాల కోసం ప్రత్యేక విభాగమే ఉంది. పిల్లల్ని కొట్టకుండా, అణచకుండా పెంచాలని చలం 'బిడ్డల శిక్షణ'లో ఎప్పుడో రాశారు. మనం చదవకపోతే అది వేరే సంగతి.

"పూర్వం ఇవన్నీ ఉన్నాయా? పెద్దమనుషులు కూర్చోబెట్టి మాట్లాడేవాళ్లు, సరిపోయేది" అంటారు. సరిపోయేది ఎవరికి? ఆ పంచాయితీలో ఎవరిది తప్పో తేల్చేవాళ్లు, చివరికి "సర్దుకుపో అమ్మా" అని కోడలికే చెప్పేవాళ్లు. మంచి ఫ్యామిలీ థెరపిస్టు తీర్పు చెప్పదు. అందరికీ మాట్లాడే వంతు వస్తుంది, మా అమ్మకి వచ్చినట్టు.

మా మరిదిగారి సంగతి చెప్పకపోతే అన్యాయం. మొదటి రెండుసార్లు లాప్‌టాప్ బ్యాగుతో వచ్చాడు. చెల్లి మాట్లాడుతుంటే ఫోన్ చూసుకునేవాడు. ఆవిడ ఆయనకి ఒక పని అప్పజెప్పింది. వారానికి ఒకరోజు, అరగంట, ఫోన్ వేరే గదిలో పెట్టి, నేలమీద కూర్చుని వాడు ఏం ఆడితే అది ఆడాలి. "నేనేం నేర్పించాలండీ?" అన్నాడట. ఏమీ నేర్పక్కర్లేదు, ప్రశ్నలు వేయక్కర్లేదు, వాడు చేసేది చూసి చెప్తే చాలు. మొదటివారం బ్లాకులు పెడుతుంటే ఇది ఏ రంగు, ఇవి ఎన్ని అని అడిగాడు. వాడు లేచి వెళ్లిపోయాడు! రెండోవారం నోరు మూసుకుని కూర్చున్నాడు. ఇప్పుడు బుధవారం సాయంత్రం ఆరున్నర నుంచి ఏడు దాకా ఆయన ఆఫీసు క్యాలెండర్‌లో 'బిజీ' అని ఉంటుంది. ఆ అరగంటకి కంపెనీ ఏమీ మునిగిపోలేదు.

తల్లిదండ్రులకే ఇలా ఆట నేర్పించే పద్ధతిని 1960ల్లో బెర్నార్డ్, లూయీస్ గర్నీ దంపతులు మొదలుపెట్టారు. 2005లో బ్రాటన్ అనే పరిశోధకురాలు, తోటివాళ్లు కలిసి 93 అధ్యయనాల్ని ఒకచోట చేర్చి చూస్తే, ప్లే థెరపీ వల్ల మేలు కనిపించింది, శిక్షణ తీసుకుని తల్లిదండ్రులే ఆడినచోట ఇంకా ఎక్కువ కనిపించింది. ఆ అధ్యయనాల్లో చాలావాటిలో పిల్లల సంఖ్య తక్కువని విమర్శ ఉంది, అదీ తెలుసుకోవాలి. ఆటిజం తగ్గిపోతుందని, మార్కులు పెరుగుతాయని, పది సెషన్లలో పిల్లవాడు మారిపోతాడని ఎవరైనా మాటిస్తే మాత్రం లేచి వచ్చేయండి. మావాడు ఎనిమిది నెలలుగా వెళ్తున్నాడు. నిద్ర పదిన్నరకి వచ్చింది. కొరకడం దాదాపు మానేశాడు. సోమవారం పొద్దున స్కూల్ గేటు దగ్గర ఏడుపు ఇంకా ఉంది.

ఒక్కచోట మాత్రం ఫ్యామిలీ థెరపీ వద్దంటాను. భర్త కొడుతున్న ఇంట్లో. కొట్టేవాడి పక్కన సోఫాలో కూర్చుని మనసులో మాట చెప్పమంటే ఆ అమ్మాయి ఏం చెప్తుంది? చెప్తే ఇంటికెళ్లాక ఏమవుతుంది? అది ఇద్దరి మధ్య అపార్థం కాదు, నేరం. 2005 గృహహింస చట్టం ఉంది, 181 హెల్ప్‌లైన్ ఉంది, మన హైదరాబాద్‌లో 2016 నుంచి భరోసా కేంద్రం ఉంది. ముందు భద్రత. "ఇద్దరూ కౌన్సెలింగ్‌కి వెళ్లండి" అని చుట్టాలు తోస్తుంటే ఈ ముక్క చెప్పండి.

ఎవరి దగ్గరికి వెళ్లాలంటే, బోర్డు మీద కౌన్సెలర్ అని ఉన్నంత మాత్రాన సరిపోదు. క్లినికల్ సైకాలజిస్టు అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, మొహమాటపడకుండా అడగండి. పిల్లలతో ప్లే థెరపీలో ఎక్కడ శిక్షణ తీసుకున్నారో అడగండి. తల్లిదండ్రులతో ఎన్నాళ్లకోసారి కూర్చుంటారో అడగండి. "మీరు బయట కూర్చోండి, మేం చూసుకుంటాం" తప్ప వేరే మాట రాకపోతే ఆలోచించుకోండి.

డబ్బు సంగతి. మా చెల్లివాళ్లు నలభై ఐదు నిమిషాలకి పదిహేను వందలు కడుతున్నారు. వాళ్ల జీతాలకి ఫరవాలేదు. అదే అపార్ట్‌మెంట్లో మాకు వంట చేసే అమ్మాయి కూడా తన కూతుర్ని ఊళ్లో వదిలేసే వచ్చింది. ఆ పిల్ల బెంగకి పదిహేను వందలు ఎవరు కడతారు? మానసిక సమస్యల్ని కూడా శరీర జబ్బులతో సమానంగా చూడాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం బీమా కంపెనీలకి చెప్పింది కానీ, మన పాలసీలు ఎక్కువగా ఆస్పత్రిలో చేరితేనే పనికొస్తాయి. ఉన్నవాటిలో ప్రభుత్వ దారులు ఇవీ: ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, పిల్లల జబ్బులకి రెడ్‌హిల్స్‌లో నిలోఫర్, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ. ఎక్కడికీ వెళ్లలేకపోతే 14416, టెలీ మానస్. 2022 అక్టోబర్‌లో మొదలైంది, ఫోన్ చేస్తే డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబరు రాసి మా వంటమ్మాయికి ఇచ్చాను. ఊరికెళ్లినప్పుడు కూతురికి చెప్పకుండా బస్సెక్కొద్దని కూడా చెప్పాను. "చెప్తే కాలు పట్టుకుని వదలదక్కా" అంది. వదలదు, నిజమే. ఈసారి అరగంట ముందే బయల్దేరదీయమన్నాను, ఆ కాలు పట్టుకోవడానికి కూడా టైము ఉండేలా.